కాలు విరిగిన మనిషి – ఇంటివారు – ఇరుగుపొరుగు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ గారు నన్ను మాట్లాడమన్నప్పుడు మళ్లీ విద్య గురించే కాబోలు అనుకున్నాను. ఏటేటా నాకు ఆ అంశమే ఇస్తారు, నేనూ ఏటేటా అదే చెబుతాను, మీరూ పాపం ఓపిగ్గా వింటారు. ఈసారి మాత్రం ఆయన "మాస్టర్ సాబ్, మీ కాలు సంగతి చెప్పండి. ఈ ఏడు మన మొహల్లాలో ముగ్గురు కాళ్లు విరగ్గొట్టుకున్నారు, వాళ్లకు పనికొస్తుంది" అన్నారు. నేను ఉర్దూ మీడియం పంతుల్ని. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. సావనీరులో తెలుగులోనే వేస్తామన్నారు, మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవటం రావటం లేదు గనక. ఆ బాధ వేరే, దాన్ని ఇవ్వాళ ఎత్తను. నా తెలుగులో తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

2022 ఆగస్టు నెల. ఇషా నమాజు చదువుకొని ఇంటికొస్తున్నాను. సన్నటి తుంపర పడుతోంది. మా సందు మలుపులో మురుగు కాలవ మీద నాపరాయి బండలు పరిచి వున్నాయి. వాటిల్లో ఒకటి ఎప్పట్నుంచో కదులుతోంది. కదులుతుందని నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ రాత్రి నా ఎడమ కాలు సరిగ్గా దాని అంచున పడింది. బండ తిరగబడింది, పాదం సందులో ఇరుక్కుంది, మనిషిని ముందుకు పడ్డాను. లోపల ఎండుకట్టె విరిగిన శబ్దం నా చెవులకే వినబడింది. తేరుకొని చూస్తే మోకాలు ఒక దిక్కు, పాదం ఇంకో దిక్కు చూస్తున్నాయి.

పదిమంది పోగయ్యారు. అందరూ నా మంచి కోరినవాళ్లే. ఇద్దరు నన్ను చంకల కింద పట్టుకొని లేపి, ఒంటికాలి మీద గెంతించుకుంటూ ఇంటికి తీసుకుపోయారు. అక్కడ మొదలైంది పంచాయితీ. ఒకరు పహిల్వాన్‌ను పిలుద్దామన్నారు. ఒకరు తెల్లవారుజామున బస్సెక్కించి పుత్తూరు తీసుకుపోదాం, ఒక్క కట్టుతో సరి అన్నారు. మా బావమరిది ఒక్కడే ఆస్పత్రి అన్నాడు. చిన్నవాడు గనక ఎవరూ వినిపించుకోలేదు. పెద్దరికం ఆ రాత్రి వచ్చి నా కాలి మీద కూర్చుంది.

కట్లు కట్టే పెద్దమనిషి వచ్చాడు. నూనె వేసి రుద్దాడు, లాగాడు, గుడ్డుసొన పట్టీ వేసి బిగించి కట్టాడు. డబ్బులు కూడా పుచ్చుకోలేదు. అతని మనసును నేను తప్పు పట్టను. కాని తెల్లవారేసరికి కాలు గుమ్మడికాయంత అయింది. కట్టు విప్పితే చీలమండ చుట్టూ పెసరగింజంతవి, రేగుపండంతవి నీటి పొక్కులు. అప్పుడు మా బావమరిది ఎవర్నీ అడగలేదు, ఆటో తెచ్చాడు.

డాక్టరు గారు ఎక్స్‌రే అద్దం మీద పెట్టి నాకు పాఠం చెప్పారు. మంచి ఉపాధ్యాయుడు కావలసినవాడు. చీలమండ అంటే ఒక ఎముక కాదట. మోకాలి నుంచి దిగే రెండు ఎముకలు, ఒకటి లావుది, ఒకటి సన్నది, కింద పటకారులాగా ఏర్పడి మధ్యలో ఒక చిన్న ఎముకను పట్టుకొని వుంటాయట. మనం చీలమండకు అటూ ఇటూ చూసే రెండు గుబ్బలు ఆ పటకారు కొనలే. నాకు రెండు కొనలూ విరిగాయి, మధ్య ఎముక పక్కకు జారిపోయింది. కీలు అట్లా తొలగినప్పుడు గంటల్లోనే సరిచేసి పెట్టాలనీ, లేకుంటే ఎముక లోపలినుంచి చర్మాన్ని నొక్కి దానికి రక్తం అందకుండా చేస్తుందనీ చెప్పారు. మత్తిచ్చి ఆ క్షణమే కీలు కూర్చోబెట్టారు, సగం పట్టీ వేశారు. ఆపరేషన్ మాత్రం అప్పుడే చేయలేదు. వాచిన చర్మాన్ని కోస్తే కుట్లు నిలవవు, చీము పడుతుంది. "చర్మం మీద ముడతలు కనబడాలి మాస్టారూ, అప్పుడే కత్తి పట్టేది" అన్నారు. ముడతల కోసం మనిషి ఎదురుచూడటం నేను మొదటిసారి విన్నాను. పన్నెండు రోజులు ఎదురుచూశాను. రుద్దకపోయినా కొంత వాపు తప్పేది కాదట, కొన్నాళ్లు ఆగవలసిందేనట. పొక్కుల వల్ల మరికొన్ని రోజులు కలిశాయి.

పుత్తూరు కట్టును నేను తక్కువ చేయటం లేదు. తిరుపతి జిల్లాలోని ఆ ఊరికి పోయి చేతులు బాగు చేసుకొచ్చినవాళ్లు ఈ సభలోనే వున్నారు. నే చెప్పేదల్లా ఒక్కటే. పాదం వంకర తిరిగినా, కీలు పక్కకు తొలగినా, చర్మం చిరిగినా ముందు ఎక్స్‌రే, తర్వాతే మీ పంచాయితీ. మనిషిని చంకలు పట్టి గెంతించకండి, పలక మీదో మంచం మీదో పడుకోబెట్టి మోయండి. ఇది నేను ఎక్కడ చదివానంటే, నా చీటీ మీద డాక్టరు గారు 'పాట్స్ ఫ్రాక్చర్' అని రాశారు, పంతులు బుద్ధి గదా, ఆ పాట్ ఎవరో చూద్దామని వెతికాను. పెర్సివల్ పాట్ అని లండన్‌లో పేరున్న శస్త్రవైద్యుడు. 1756లో గుర్రం మీదినుంచి పడి ఆయన కాలే విరిగి ఎముక బయటికొచ్చింది. ఎవర్నీ తనను కుదుపుతో ఎత్తనివ్వలేదట. నడివీధిలో పడివుండి, ఒక తలుపు కొనిపించి, దానికి కర్రలు కొట్టించి, దాని మీద పడుకొని ఇంటికి మోయించుకున్నాడట. తోటి వైద్యులు కాలు తీసేద్దామని సిద్ధమైతే ఆయన గురువు వచ్చి ఆపాడు. కాలు నిలిచింది. మంచం మీద వున్న రోజుల్లోనే ఒక వైద్యగ్రంథం రాశాడు. తమాషా ఏమంటే ఆయనకు విరిగింది చీలమండ కాదంటారు. తర్వాతి కాలంలో చీలమండ విరుగుడును వివరించి రాసినందుకు దానికి ఆయన పేరు స్థిరపడింది. నేను గ్రంథాలు రాయలేదు. ఆ తలుపు సంగతి మాత్రం మర్చిపోలేదు.

ఇంకొకటి. పట్టీ వేశారు గదా అని నిశ్చింతగా వుండరాదు. 'మయూరి' సినిమా మీలో పెద్దవాళ్లు చూసే వుంటారు, 1985లో వచ్చింది. అందులో నటించిన సుధా చంద్రన్ కథే అది. 1981లో బస్సు ప్రమాదంలో ఆమె కాలికి దెబ్బ తగిలితే, చీలమండ దగ్గరి గాయం కుళ్లి కాలు మోకాలి కిందికి తీసేయవలసి వచ్చింది. ఆ అమ్మాయి జైపూర్ కాలు పెట్టుకొని మళ్లీ నాట్యం చేయటం అందరూ చెప్పుకుంటారు. కాలు ఎట్లా పోయిందో ఎవరూ చెప్పుకోరు. పట్టీ లోపల నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా అర్ధరాత్రైనా ఆస్పత్రికి పోండి. పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. కదలని కాలిలో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకు ఎక్కే ప్రమాదం వుంది. బీడీ, సిగరెట్టు తాగేవాళ్లకు ఎముక ఆలస్యంగా అతుకుతుంది, చక్కెర జబ్బు అదుపులో లేనివాళ్లకు కూడా. ఈ ముక్క అనగానే వెనక వరసలో నలుగురు తలలు వంచుకోవటం నేను చూశాను.

ఇప్పుడు వార్డులో నా పక్క మంచం సంగతి చెప్పాలి. అసలు నేను మాట్లాడటానికి ఒప్పుకున్నది దీని కోసమే.

పక్క మంచం మీద వున్నది ఒక తాపీమేస్త్రి. మన కింది వీధివాడే. పేరు చెప్పను, అతను చెప్పొద్దన్నాడు. పరంజా మీదినుంచి జారిపడ్డాడు. నాకు విరిగిన రెండు ఎముకలే అతనికీ విరిగాయి, నాకు ఎడమ, అతనికి కుడి. ఒకే వారం, ఒకే డాక్టరు, ఒకే రకం రేకు, మరలు. అతనికి ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ ఉచితంగానే జరిగింది. నా మంచం చుట్టూ రోజూ పది పదిహేను మంది. యాపిల్ పండ్లు, బిస్కట్లు, దువాలు, పాయా గిన్నెలు. మేక కాళ్లు తింటే మనిషి కాలు అతుకుతుందని మనవాళ్ల నమ్మకం. రుచికి నేను కాదనలేదు గానీ, గుడ్డు, పాలు, పప్పు చాలునని డాక్టరు గారు నవ్వారు. కదలకుండా పాయా తాగి మూడు నెలల్లో నేను ఆరు కిలోలు పెరిగాను, అదంతా ఆ విరిగిన కాలే మోయాలి. సరే, మేస్త్రి దగ్గరికి అతని భార్య తప్ప ఎవరూ రాలేదు. నాతో మాట్లాడటానికి వచ్చిన మనవాళ్లు కుర్చీ చాలక అతని మంచం అంచున కూర్చునేవాళ్లు, అతని కాలు కాస్త పక్కకు జరుపుకొమ్మనేవాళ్లు. అతను జరుపుకొనేవాడు. నేనూ చూస్తూ వూరుకున్నాను. అది నా తప్పే.

మొదటి ఆరు వారాలు కాలు నేలకు ఆనకూడదన్నారు. ఇద్దరికీ అదే మాట. నాకు సెలవులున్నాయి, ఒకటో తారీఖున జీతం వచ్చింది. అతను నాలుగో వారంలో పనికి పోయాడు. పైకెక్కలేదు సార్, కింద నిలబడి మాలు కలిపాను అంతే, అన్నాడు. రేకు వంగింది, కీలు మళ్లీ జారింది. రెండో ఆపరేషన్‌కు డబ్బు, ధైర్యం రెండూ లేకపోయాయి. ఈనాడు అతను పరంజా ఎక్కలేడు, గొంతుక్కూర్చోలేడు. ఒక గోదాము దగ్గర రాత్రి కాపలా కాస్తున్నాడు. నా కాలికీ అతని కాలికీ తేడా నా జీతం. ఇంకేమీ లేదు.

ఇక నా ఇంటి సంగతి. ఆరు వారాలూ కాలు గుండె కంటే ఎత్తులో వుంచాలన్నారు. మా అమ్మీ ఇంట్లో వున్న దిళ్లన్నీ తెచ్చి గోరీలాగా పేర్చింది. పాదం కిందికి దించితే చాలు, ఐదు నిమిషాల్లో వంకాయ రంగుకు తిరిగేది. మొదట్లో భయపడ్డాను. అది చాలా రోజులు వుంటుందట, మళ్లీ ఎత్తున పెడితే రంగు తగ్గుతుంది.

సభలో చెప్పటానికి సిగ్గే అయినా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు, అందరికీ అవసరం పడుతుంది. మన ఇళ్లల్లో పాయిఖానా గొంతుక్కూర్చునే రకం. ఒక కాలు గాలిలో పెట్టి అక్కడ ఎట్లా కూర్చోవాలి? మొదటి మూడు రోజులు నేను తిండి తగ్గించుకున్నాను. చివరికి మా బావమరిది ఒక ప్లాస్టిక్ కుర్చీకి నడుమ గుండ్రంగా కోత కోసి తెచ్చాడు. అంచులు కాల్చి నున్నగా చేశాడు. ఆ రోజు నాకు కలిగిన సుఖం నేను ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఎరగను. స్నానానికి ఇంకో కుర్చీ, కాలికి పాలిథిన్ సంచి, పైన రబ్బరు పట్టీ. వుజూ సంగతి మౌలానా గారిని అడిగితే, విప్పరాని పట్టీ మీద తడిచేత్తో మసహ్ చేస్తే చాలునన్నారు. నిలబడలేనివాడు కూర్చొని, కూర్చోలేనివాడు పడుకొని చదువుకోవచ్చని మనందరికీ తెలుసు. తెలిసినా, మంచం మీద కూర్చొని చదువుతుంటే దొంగతనం చేస్తున్నట్టుండేది. ఈ సిగ్గు ఒక జబ్బు. దాన్ని పోగొట్టింది మా అమ్మీ. "బేటా, నేను మోకాళ్ల నొప్పులతో ఏడేళ్లనుంచి కుర్చీలోనే చదువుతున్నాను, నన్ను ఎప్పుడైనా దొంగ అనుకున్నావా?" అంది.

చంక కర్రలు వాడేవాళ్లు బరువు చంకలో మోపకండి, చేతుల మీద మోపండి. చంకలో నరం నలిగి చేయి పడిపోయే ప్రమాదం వుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు, కర్రలు ముందు. తర్వాత ఒక్క చేతికర్రకు వచ్చినప్పుడు విరిగిన కాలి పక్క చేత్తో పట్టుకోరాదు, అవతలి చేత్తో పట్టాలి. నేను నెల రోజులు తప్పు చేత్తో పట్టి తిరిగాను, చూసిన నూరుమందిలో ఒక్కరూ చెప్పలేదు. పరామర్శకు వచ్చి "మా పెద్దనాన్నకు ఇట్లాగే విరిగి ఇక లేవలేదు" అని చెప్పినవాళ్లు మాత్రం లెక్కకు మిక్కిలి. దయచేసి మీ పెద్దనాన్నలను ఇంట్లోనే వుంచి రండి.

నొప్పికంటే కష్టం కోపం. ఇది నేను ఎదురుచూడలేదు. బడిలో నలభై మంది పిల్లలను ఒక కేకతో కూర్చోబెట్టేవాణ్ణి, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కోసం మూడుసార్లు పిలవవలసి వస్తే ఒళ్లు మండేది. మా ఆవిడ పొద్దున నాలుగింటికి లేచి నా పని, పిల్లల పని, అమ్మీ పని చూసుకొని కూడా ఒక్కసారి టీ చల్లారి వచ్చిందని నేను కప్పు విసిరాను. ఆమె ఏమీ అనలేదు. ముక్కలు ఏరుకొని పోయింది. మా పెద్దమ్మాయి అప్పుడు పదో తరగతి. మంచం పక్కన కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాణ్ణి. ఒకరోజు గట్టిగా తిట్టాను. అది పుస్తకం మూసి, "అబ్బా, లెక్క తప్పు కాలేదు, మీకు కాలు నొప్పి పుడుతోంది. ముందు మాత్ర వేసుకోండి, తర్వాత తిట్టండి" అంది. లెక్క చూశాను. తప్పు కాలేదు. ఆ రాత్రి మా ఆవిడను మాఫీ అడిగాను. కప్పుకు అడుగుతున్నానని ఆమె అనుకుంది, "అది పాతదేలెండి" అంది.

రాత్రుళ్లు నిద్ర వుండేది కాదు. ఒంటిగంట, రెండు, మూడు. ఇక బడి మెట్లు ఎక్కలేనేమో, అమ్మాయిని ఎట్లా చదివిస్తాను, ఈ కుర్చీ బతుకేనా అని. పగలు ఎవరికీ చెప్పలేదు. చెప్పివుండవలసింది. మగవాడు కాలు విరిగిందని చెప్పుకుంటాడు గానీ భయపడుతున్నానని చెప్పుకోడు.

ఆరు వారాలకు పట్టీ తీశారు. లోపల వున్నది నా కాలు కాదనిపించింది. పిక్క కరిగి పిల్లవాడి పిక్కంత అయింది, చర్మం పొలుసులు, పాదం చెక్కముక్కలాగా కదలదు. ఎముక అతకటం సగం పనే, మిగతా సగం ఇప్పుడు మొదలని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమంది. ఇంగ్లీషు అక్షరాలు చెప్పబోతే, అమ్మా నేను ఉర్దూ పంతుల్ని, నా అక్షరాలు నేను రాసుకుంటానన్నాను. అలిఫ్‌తో మొదలుపెట్టాను. మీకు నవ్వొస్తుంది, బడిలో పసిపిల్లలు కూడా రాసే అలిఫ్ నాకు రాలేదు. అలిఫ్ అంటే నిటారు గీత, పాదం పైకి లేవాలి, కిందికి దిగాలి. బిగుసుకుపోయింది సరిగ్గా ఆ కదలికే. బే వచ్చింది, అడ్డంగా పడుకున్నది గనక. నూన్ సగం వచ్చింది. ఐన్ దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి. తెలుగు అక్షరాలు గుండ్రంగా వుంటాయి గనక కీలు తిప్పటానికి అవి ఇంకా మేలు. సున్నా, ఠ, ర రోజూ ఇరవైసార్లు రాసేవాణ్ణి. మా చిన్నవాడు పక్కన కూర్చొని దస్తూరీకి మార్కులు వేసేవాడు. మొదటి వారం నూటికి పదకొండు.

ఇంకో పద్ధతి చెప్పింది. గోడ ముందు నిలబడి, మడమ నేలకు ఆనించే వుంచి, మోకాలు గోడకు తగిలించాలి. తగిలితే పాదాన్ని కొంచెం వెనక్కి జరపాలి. బొటనవేలికీ గోడకూ మధ్య ఎన్ని వేళ్ల ఎడం వస్తే అంత వంగుతున్నట్టు. నేను సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, పక్కన తారీఖులు వేశాను. మంచి కాలుకు ఐదు వేళ్ల ఎడం. విరిగిన కాలు మొదట గోడను తాకనే లేదు. నవంబరు చివరికి ఒక వేలు. సంక్రాంతి సెలవులకు రెండు. అక్కడ ఆగిపోయింది, నలభై రోజులు అదే గీత. ఈ ఆగిపోవటం అందరికీ వస్తుందని ఎవరైనా ముందే చెప్పివుంటే నేను అంత కుంగిపోయేవాణ్ణి కాదు. అందుకే చెబుతున్నాను. నొప్పి రెండు రకాలని కూడా ఆ అమ్మాయే చెప్పింది. సాగదీసినప్పుడు లాగి, తర్వాత సర్దుకునేది మంచి నొప్పి. గుచ్చినట్టు వచ్చేది, మర్నాటి పొద్దునకు కూడా వాపుతో మిగిలేది చెడ్డది. అది వస్తే ఆ రోజు తగ్గించాలి, మానేయరాదు.

డిసెంబరులో చేతికర్రతో బడిలో చేరాను. హెడ్ మాస్టరు గారు అడక్కుండానే నా తరగతిని కింది గదికి మార్చారు. కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకొని పాఠం చెబుతుంటే పిల్లలు మొదటి రోజు నవ్వారు, రెండో రోజునుంచి ఆ కుర్చీని ఎవరు వేయాలా అని పోట్లాడుకున్నారు. బండి నడపటం మాత్రం ఆలస్యమైంది, గేరు మార్చేది ఎడమ కాలుతోనే గదా. ఆరు నెలలు వెనక కూర్చొని, నడిపేవాళ్లకు సలహాలిస్తూ తిరిగాను.

2023 రంజాన్‌లో తరావీహ్ కుర్చీలోనే చదివాను. కాయిదాలో మగవాళ్లు ఎడమ పాదాన్ని పరిచి దాని మీద కూర్చోవాలి. నాది ఎడమ కాలే. పాదం పూర్తిగా పరుచుకోవాలి, పైన బరువు పడాలి. అన్నింటికంటే చివర వచ్చేది అది, గొంతుక్కూర్చోవటం. జైపూర్ కాలు కనిపెట్టినవాళ్లు, రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టరు సేఠీ గారు, పరదేశపు కాళ్లతో మనవాళ్లు నేల మీద కూర్చోలేకపోతున్నారనే కదా 1968లో ఆ కొత్త కాలు తయారుచేసింది. మన బతుకంతా నేల మీదే వుంది. తినటం, చదవటం, నమాజు, పాయిఖానా. ఆ జూన్ నెలాఖరున బక్రీద్ నాడు ఈద్‌గాహ్‌లో మొదటిసారి చాప మీద కూర్చున్నాను. సరిగ్గా కాదు, పాదం కింద మడిచిన తువ్వాలు పెట్టుకొని, ఒంటిపక్క బరువుతో. పక్కన వున్న మా బావమరిది సలాం తిప్పగానే నా కాలు వైపే చూశాడు.

ఇప్పటికీ సుద్దగీత నాలుగు వేళ్ల దగ్గరే వుంది. ఐదోది రాదని డాక్టరు గారు చెప్పారు, నేనూ అడగటం మానేశాను. సాయంత్రానికి కొంచెం వాపు. చలికాలం పొద్దున పది అడుగులు కుంటి, పదకొండో అడుగునుంచి మామూలు. రేకు లోపలే వుంది.

ఇప్పుడు సంఘానికి నా విన్నపం. నేను వాడిన సామాను, అంటే చంక కర్రలు, వాకర్, కోత కోసిన కుర్చీ, ఆరు నెలల తర్వాత అటక మీదికి పోయాయి. మన ప్రతి వీధిలో ఇట్లాంటి అటకలు రెండు మూడు వుంటాయి. అవన్నీ దించి సంఘం గదిలో ఒక బీరువాలో పెడదాం. ఒక రిజిస్టరు పెట్టి, తీసుకుపోయినవాళ్ల పేరు, తేదీ రాసుకుందాం. రిజిస్టరు పని నేను చూస్తాను, పంతులుకు అలవాటే. రెండోది కొంచెం ఖర్చుతో కూడినది. రోజుకూలీ మీద బతికేవాడికి కాలు విరిగితే ఆరు వారాల బియ్యం, పప్పు, నూనె, ఇంటి అద్దె. సావనీరు ప్రకటనల డబ్బులోనుంచి ఒక భాగం దీనికి తీయాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. మేస్త్రికి నాలుగో వారంలో అది అంది వుంటే ఇవ్వాళ పరంజా మీద వుండేవాడు. లెక్క వేసి చూశాను, ఆ ఆరు వారాల సరుకులు నాకు వచ్చిన పండ్ల ఖరీదు కంటే పెద్ద ఎక్కువేమీ కాదు. పరామర్శకు పోయేవాళ్లు వార్డులో పక్క మంచం దగ్గర కూడా రెండు నిమిషాలు నిలబడండి. అంచున కూర్చోకండి.

నా కర్రలు తెచ్చాను, అవిగో సెక్రటరీ గారి బల్ల పక్కన వున్నాయి. బీరువాలో మొదటి జత అవే కావాలి. కింద రబ్బరు బొడిపెల్లో ఒకటి అరిగింది, తడినేల మీద జారుతుంది, ఇచ్చేముందు మార్చండి. ఎత్తు నాకు సరిపడా బిగించి వుంది, తీసుకున్నవాళ్లు మర విప్పి తమ ఎత్తుకు సరిచేసుకోవాలి. ఇక సందు మలుపులో ఆ బండ సంగతి. నిన్న ఇషా తర్వాత కాలుతో నొక్కి చూశాను, ఇంకా కదులుతోంది. ఒక బొచ్చె సిమెంటు చాలునని మేస్త్రి అన్నాడు. ఆదివారం పొద్దున తను వచ్చి కూర్చొని చూపిస్తానన్నాడు, మాలు కలపటానికి ఇద్దరు కుర్రవాళ్లు కావాలి. పేర్లు నాకివ్వండి.